ఎడమ రెక్కలో రెండు తెల్ల ఈకలు

మా ఊళ్ళో మొగుళ్ళెవరూ పెళ్ళాల మాట వినరు. వినేవాడు మా ఒమేర్ ఒక్కడే అని నాకు మహా గర్వంగా ఉండేది. సాయంత్రం భోజనానికి కూర్చోగానే కుర్చీ ముందుకు లాక్కుని, మోచేతులు బల్ల మీద ఆనించి, "ఊఁ, చెప్పు లీవా, ఇవాళ వచ్చినవాళ్ళు ఏమన్నారు?" అని అడిగేవాడు. నేను మొదలుపెడితే మధ్యలో అడ్డు వచ్చేవాడు కాదు. ఎక్కడైనా ఆపితే, "తరవాత?" అనేవాడు. పక్కింటి మారియెట్ కుళ్ళుకునేది. "ఇల్లు తగలబడుతోందని చెప్పినా మా ఆయన 'ఊఁ' అని కాఫీ తాగుతాడే. నీ అదృష్టం నాకెక్కడ వస్తుంది!" అనేది. పంతొమ్మిది వందల ఎనభై ఆరులో, బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో, ఆ అదృష్టం ఏపాటిదో నాకు తెలిసింది.

మా మేడ మీద రెండు గదులుండేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో మా ఈపర్ చుట్టుపక్కల పొలాల్లో చచ్చిపోయిన తమ వాళ్ళని వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చేవాళ్ళకి వాటిని అద్దెకిచ్చేవాళ్ళం. పొద్దున గుడ్లూ, రొట్టే, కాఫీ నేను పెట్టేదాన్ని. పెరట్లో షెడ్డు మాత్రం ఒమేర్‌ది. ఇక్కడ నాగలి దింపితే చాలు, పాత యుద్ధపు ఇనుము పైకి వస్తుంది. పేలని గుండ్లని రైతులు రోడ్డు పక్క కరెంటు స్తంభం దగ్గర పెట్టి వెళ్తారు, సైన్యం లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. వాటి జోలికి ఒమేర్ వెళ్ళేవాడు కాదు. అతనికి ఇత్తడి కావాలి. ఫిరంగి పేలినప్పుడు గుండు ఎగిరిపోతుంది, దాని వెనక తొడిగిన ఇత్తడి గొట్టం అక్కడే పడిపోతుంది. కందకాల నుంచి వెనక్కి వచ్చి విశ్రాంతి తీసుకునే రోజుల్లో సైనికులు ఆ గొట్టాల మీద మేకుతో, సుత్తితో పువ్వులూ, ప్రేయసి పేర్లూ, సొంత ఊరి పేర్లూ చెక్కుకునేవారు. ఇప్పుడు వాటికోసం సేకరించేవాళ్ళు కొట్టుకు చస్తారు.

ఒమేర్ నన్ను పెళ్ళికి అడగడానికి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, పొయ్యి గూటి మీద మా అమ్మ పూలు పెట్టుకున్న రెండు గొట్టాలు చూసి, నా వంక చూడకముందే వాటిని తిరగేశాడు. నీళ్ళూ, డాలియా పూలూ మా నాన్న ఒళ్ళో పడ్డాయి. "అయ్యో, వీటిని ఎవరండీ ఇలా తోమేశారు? అక్షరాలన్నీ అరిగిపోయాయి!" అన్నాడు. శనివారం శనివారం ఉప్పూ వెనిగరూ వేసి తళతళలాడేట్టు తోమే మా అమ్మ అతన్ని చచ్చేదాకా క్షమించలేదు.

పెళ్ళయ్యాక నాకూ నేర్పాడు. ఏ గొట్టమైనా ముందు తిరగెయ్యాలి, బొమ్మ తరవాత చూడాలి. అడుగున చుట్టూ గుద్దిన అక్షరాలు అది ఏ దేశపు ఫిరంగిదో, ఎక్కడ ఏ ఏడు తయారైందో చెబుతాయి. నడిమధ్య సూది నొక్కు ఉంటే పేలిందని అర్థం. చెక్కిన గీతల లోపలి నలుపూ, బయటి నలుపూ ఒకే వయసువై ఉండాలి. పేరుంటే, ఆ మనిషి పోయిన తేదీకంటే గొట్టం తయారైన తేదీ ముందుండాలి. "చచ్చినవాడు చెక్కలేడు కదే," అనేవాడు. ధర సంగతీ చెప్పేవాడు. వట్టి గొట్టానికి ఒక పూట భోజనం వస్తుంది, పువ్వులుంటే చలికోటు వస్తుంది. పేరుండి, ఆ పేరుగల మనిషి కథ కూడా తెలిస్తే కొనేవాడి దగ్గర ఎంత ఉంటే అంత.

సెప్టెంబరులో ఓల్వెన్ ప్రోసర్ వచ్చింది. వేల్స్‌లో ఏదో బొగ్గు గనుల ఊరు ఆవిడది. డెబ్భై దాటిన మనిషి, ఒంటరిగా, చేతికర్రతో వచ్చింది. వాళ్ళ అన్న ఎమ్లిన్ పంతొమ్మిది వందల పదిహేడు అక్టోబరులో ఇక్కడి బురదలో పోయాడు. శవం దొరకలేదు. దొరకనివాళ్ళ పేర్లన్నీ చెక్కిన గోడ దగ్గరికి వెళ్ళి వచ్చి, నా వంటింట్లో కూలబడింది.

"పేరుందామ్మా?" అన్నాను.

"ఉందిట. ఎక్కడో కప్పు దగ్గర. ఎవరో పుణ్యాత్ముడు దుర్భిణీ ఇచ్చాడు గానీ, నా చేతులు వణికి ఆకాశం తప్ప ఏం కనపడలేదు తల్లీ."

"కాస్త కాఫీ తాగండి."

"వాడికి పావురాలుండేవి," అంది, కాఫీ ముట్టుకోకుండానే. "గనిలోంచి రాగానే మొహం కూడా కడుక్కునేవాడు కాదు, తిన్నగా వాటి దగ్గరికే. మా అమ్మ తిట్టేది, ముందు నీ తిండి నువ్వు తినరా అని. నన్ను భుజం మీద కూర్చోబెట్టుకునేవాడు. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. మొహం గుర్తులేదు లీవా. మెడ గుర్తుంది. మెడ మీద బొగ్గు మచ్చలు గుర్తున్నాయి. వాడిది ఒక్క వస్తువు కూడా ఇంటికి రాలేదు. చొక్కా బొత్తాం కూడా."

ఒమేర్ తలుపు దగ్గర బూట్లు విప్పుకుంటున్నాడు. ఇంగ్లీషు అంతంతమాత్రమే వచ్చినా మెల్లగా, మర్యాదగా అడిగాడు. "మళ్ళీ వస్తారా అమ్మా?"

"యుద్ధం ఆగిన రోజుకి, నవంబరు పదకొండుకి వస్తాను బాబూ. ఓపికుంటే."

ఆ సాయంత్రం మజ్జిగలో యాపిల్ ముక్కలేసి వండిన జావ తాగుతూ అదంతా ఒమేర్‌కి చెప్పాను. మెడ మీద బొగ్గు మచ్చల దగ్గర నాకు ఏడుపు వచ్చింది. అతను నా చెయ్యి పట్టుకుని, "తరవాత?" అన్నాడు. తరవాత పావురాల సంగతి చెప్పాను. మా నాన్న పావురాలని పందేలకి వదిలే మనిషి. మా ఇళ్ళల్లో పావురం మాట ఎత్తితే రంగు చెప్పకుండా ఊరుకోవడం ఎవరి తరమూ కాదు. ఓల్వెన్ రంగు చెప్పలేదు. అందుకని నేనే చెప్పాను. నీలం పావురమట, ఎడమ రెక్కలో రెండు తెల్ల ఈకలట, ఎక్కడ వదిలినా ఇంటికి వచ్చేసేదట, అన్నాను. అది నాకు పదేళ్ళప్పుడు మా నాన్న దగ్గరున్న పావురం. ఒమేర్ దాన్ని చూడలేదు. నోటికి వచ్చింది, అనేశాను.

"ఎడమ రెక్కలోనా?" అన్నాడు ఒమేర్.

"ఎడమ రెక్కలోనే."

నా మాటని అంత శ్రద్ధగా వినే మనిషి దొరికాడని ఆ రోజు కూడా మురిసిపోయాను.

అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం అతను వార్తాపత్రికలో చుట్టిన గొట్టం తెచ్చి బల్ల మీద పెట్టాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "కమీల్ పొలంలో దొరికింది, దుంపలు తవ్వుతుంటే. నువ్వే చదువు," అన్నాడు. అది మాకో ఆట. మట్టి అంటుకుని నల్లగా ఉంది. అడుగు నా వైపు తిప్పి పెట్టాడు.

"ఇంగ్లీషువాళ్ళ ఫిరంగిది. పదహారులో తయారైంది," అన్నాను.

"పేలిందా?"

"నొక్కుంది. పేలింది."

"నలుపు?"

"లోపలా బయటా ఒకటే."

"ఇప్పుడు తిప్పు."

తిప్పాను. ఎమ్లిన్ అని ఉంది. కింద ఓల్వెన్ వాళ్ళ ఊరి పేరు ఉంది. బొత్తాం కూడా రాలేదన్న మనిషికి ఇది తీసుకెళ్ళి ఇస్తే ఎలా ఉంటుందో ఊహించుకుని కళ్ళనీళ్ళు తిరిగాయి. "దేవుడా! ఒమేర్, ఆవిడ తట్టుకోగలదంటావా?" అన్నాను. అతను నవ్వుతూ గొట్టాన్ని ఇంకొంచెం తిప్పాడు. అటు పక్క రెక్కలు చాపిన పావురం ఉంది. ఒళ్ళంతా మేకుతో చుక్కలు చుక్కలుగా గుద్ది ఉంది. ఎడమ రెక్కలో రెండు ఈకలు మాత్రం చుక్కల్లేకుండా నున్నగా వదిలేసి ఉన్నాయి.

దుంపలు మాడుతున్న వాసన వచ్చింది. లేచి వెళ్ళి పొయ్యి కట్టేశాను.

"ఏం, మాట్లాడవేం?" అన్నాడు వెనకనుంచి.

"ఏముంది మాట్లాడ్డానికి. బాగుంది," అన్నాను.

ఆదివారం చర్చి అవగానే మగవాళ్ళందరూ పేకాటకి బారు వైపు నడిచారు. కమీల్ సైకిలు గోడకి ఆనిస్తుంటే పట్టుకున్నాను. మా పెళ్ళికి సాక్షి సంతకం పెట్టిన మనిషి కమీల్.

"ఆ పావురం గొట్టం నీ పొలంలో ఏ మూల దొరికింది?"

"ఏ పావురం?" అని, వెంటనే సర్దుకున్నాడు. "ఆఁ, అదా! కాలవ పక్కన."

"బావి దగ్గరన్నాడే ఒమేర్?"

"అయితే బావి దగ్గరే."

"బావి దగ్గరని అతను అనలేదు కమీల్. నేనే అన్నాను. నా మొహం చూసి చెప్పు."

టోపీ తీసి తల గోక్కున్నాడు. "పొద్దున్నే ఏంటి లీవా ఈ పరీక్షలు? మీ మొగుడూ పెళ్ళాల వ్యాపారం మధ్య నన్నెందుకు నలిపేస్తారు? నా పొలం పేరు చెప్పుకున్నాడు, చెప్పుకోనిచ్చాను. నాకు రెండు బీర్లు పోయించాడు, తాగాను. ఎప్పుడన్నా నోరు విప్పానా?"

"మొగుడూ పెళ్ళాల వ్యాపారమా?"

"మరి కాదా? నువ్వు పైవాళ్ళ దగ్గర కూపీ లాగుతావు, వాడు చెక్కుతాడు. ఊళ్ళో ఎవరికి తెలీదు? మా మామ్మ కూడా చెప్పింది, లీవా భలే ఏడుస్తుంది వాళ్ళతో, నాటకాల్లో చేరాల్సింది అని." నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. "ఓసి నీ... నీకు తెలీదా?"

నేను ఇంటికి వచ్చేశాను. దారిలో ఎదురైన ప్రతి మనిషీ నన్ను ఇన్నాళ్ళూ ఏమనుకుంటూ నమస్కారం పెట్టాడో తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది. చెప్పులైనా మార్చుకోకుండా గడ్డపలుగు పట్టుకుని పందుల కొట్టం వెనక పెంటకుప్ప మీదికి వెళ్ళాను. ఒమేర్ అక్కడ ఊరికే పలుగు తిప్పుతుండడం చాలాసార్లు చూశాను. పెంట మాగుతోందేమో చూస్తున్నాడనుకునేదాన్ని. మోకాలి లోతున పలుగు కంగుమంది. గోనె గుడ్డలో చుట్టిన గొట్టాలు, మూడు. పెంటలో పెడితే ఇత్తడి ఎన్నేళ్ళ వయసైనా ఎక్కించుకుంటుంది.

పంపు కింద కడిగాను. ఒకదాని మీద ఫిడేలు ఉంది. వేసవిలో వచ్చిన స్కాట్లండు పంతులుగారి బాబాయి ఫిడేలు వాయించేవాడు. ఒకదాని మీద ఇంటి గేటూ, రేగుచెట్టూ ఉన్నాయి. మా మేడ మీద దిగిన రొట్టెల దుకాణం ఆవిడ తండ్రి రేగుచెట్టు కింద నిలబడి వాళ్ళకి చెయ్యూపి యుద్ధానికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. మూడోదాని మీద బొమ్మ పెంట అంటుకుని సగమే కనిపించింది. ఆ ఫిడేలు గురించీ, రేగుచెట్టు గురించీ నేను ఏ కూర వడ్డిస్తూ చెప్పానో కూడా నాకు గుర్తుంది. అంతకుముందు ఏళ్ళల్లో మా వంటింట్లో ఇలాంటి గొట్టాలు గుండెకి హత్తుకుని ఏడ్చినవాళ్ళందరూ కళ్ళముందు కనిపించారు. వాళ్ళతోపాటు నేనూ ఏడ్చాను. కమీల్ మామ్మ చెప్పింది నిజమే, భలే ఏడ్చాను.

ఒమేర్ భోజనానికి వచ్చేసరికి మూడింటినీ అతని కంచం ఉండే చోట వరసగా పెట్టాను. చూసి, టోపీ తీసి, నెమ్మదిగా కూర్చున్నాడు. కంగారు పడలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

"తీయడానికి ఇంకా వారం పట్టేది. తడి తగిలింది, ఇక రంగు సరిగ్గా పట్టదు," అన్నాడు.

"సిగ్గులేదూ నీకు?"

"దేనికి సిగ్గు? గొట్టం నిజం, ఏడు నిజం, పేరు నిజం. ఆ మనిషి ఇక్కడ చచ్చింది నిజం. గీతలొక్కటే నావి. అందని గోడ చూసి ఏడ్చుకుంటూ పోయేవాళ్ళు, చేతిలో బరువు పెట్టుకుని వెళ్తున్నారు. నువ్వు గుడ్లు పెట్టి పంపిస్తావు. నేను అన్నని ఇచ్చి పంపిస్తున్నాను."

"ఊరికే ఇస్తున్నావా?"

"ఊరికే ఇస్తే నమ్ముతారా?"

"రోజూ నా ఎదురుగా కూర్చుని 'తరవాత, తరవాత' అన్నది దీనికా ఒమేర్?"

"నువ్వు చెప్పేది అంత బాగుంటుంది మరి. నువ్వు లేకపోతే ఇవి వట్టి ఇత్తడి. ఆ పావురం చూడు, ఎంత బాగా కుదిరిందో. ఆ రెండు ఈకలే దానికి ప్రాణం." నిజంగానే మెచ్చుకుంటున్నాడు.

"ఆ ఈకలు ఓల్వెన్ చెప్పలేదు. అది మా నాన్న పావురం. నేను కల్పించి చెప్పాను."

అప్పుడు తెల్లబోయాడు. "ముందే చెప్పొద్దూ!" అని కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఇప్పుడెలా? చుక్కలు గుద్దితే కొత్తగా మెరుస్తాయి, పది రోజుల్లో నలుపెక్కదు. తోబుట్టువు కదా, రంగు గుర్తుంటుంది, పట్టేసుకుంటుంది."

"పట్టేసుకోవాలనే నేనూ మొక్కుకుంటున్నాను."

"నువ్వే చెప్పెయ్యి అయితే. ఆవిడ మాట్లాడింది నీతో, నాతో కాదు. నీ మాట బయటికి ఎలా పొక్కిందో కూడా నువ్వే చెప్పు," అని షెడ్డుకి వెళ్ళిపోయాడు.

ఆ పది రోజులూ ఒకే బల్ల దగ్గర పరాయివాళ్ళలా తిన్నాం. నా ఆశంతా ఓల్వెన్ మీదే పెట్టుకున్నాను. ఆవిడ చూసి, ఇది మా వాడిది కాదు అని ఒక్క మాట అంటే చాలు. ఊళ్ళో తల దించుకోవడానికి కూడా నేను సిద్ధపడ్డాను.

నవంబరు పదిన వాన. ఓల్వెన్ తడిసిన కోటు విప్పకముందే ఒమేర్ గొట్టం తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. పట్టేసుకుంటుందన్న భయమున్నా, ఆ పేరుకి ఆవిడిచ్చేంత ఇంకెవరూ ఇవ్వరని అతని లెక్క. ఆవిడ పేరు మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరమే తడిమింది. తరవాత మెల్లగా తిప్పింది. పావురం వచ్చింది. ఆవిడ చూపు ఎడమ రెక్క మీద ఆగింది. ఒమేర్ ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది.

"రెండు ఈకలు వేరేగా ఉన్నాయే," అంది.

"తెల్లవి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "తెల్ల ఈకలని గుర్తు. మీ అన్న పావురానికి తెల్ల ఈకలున్నాయా అమ్మా? బాగా ఆలోచించి చెప్పండి."

ఆవిడ కళ్ళు మూసుకుంది.

"ఎర్రది అనుకునేదాన్ని," అంది చివరికి. "ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుంటే ఎర్ర పావురమే కనిపించేది. ఇటుక రంగుది. వాడి భుజం మీద ఒక పక్క నేను, ఒక పక్క అది." కళ్ళు తెరిచి నవ్వింది. "చూశావా లీవా, ముసలి బుర్ర ఎలా మోసం చేస్తుందో! ఎర్రది కాదు. ఇప్పుడు కనిపిస్తోంది నాకు. రెక్క విప్పితే తెల్లగా రెండు ఈకలు. అవును, ఉండేవి. వాడు చూపించేవాడు. ఎలా మర్చిపోయాను?"

"మర్చిపోలేదమ్మా. మీది ఎర్రదే."

"నువ్వెప్పుడు చూశావు తల్లీ?"

"ఈ ఈకలు మా నాన్న పావురానివి. నేనే చెప్పాను ఇతనికి. ఇతను చెక్కాడు. మీ పావురం ఎర్రదే, మీకు గుర్తున్నదే నిజం." ఏడుస్తూ చెప్పాను. ఏం లాభం, మా ఇంటికి వచ్చినవాళ్ళందరి దగ్గరా నేను అలాగే ఏడ్చాను కదా.

ఓల్వెన్ నా చెంప నిమిరింది. ఆ చేతిలో కోపం లేదు, జాలి ఉంది. ఇంకో చేత్తో గొట్టాన్ని దగ్గరికి లాక్కుంది. నేను దాన్ని లాగేసుకుంటానని భయపడ్డట్టుగా ఉంది. ఒమేర్ వైపు తిరిగి మెల్లగా, "పాపం, మీ ఆవిడ ఏమైనా ఒంట్లో బాగులేదా?" అని అడిగింది.

"వచ్చినవాళ్ళ బాధలన్నీ నెత్తిన వేసుకుంటుందమ్మా," అన్నాడు ఒమేర్. "మెత్తటి మనిషి."

ఇంటి కప్పు బాగుచేయించుకోవడానికి దాచుకున్నదంతా ఇచ్చి ఆవిడ ఆ ఇత్తడి పట్టుకెళ్ళింది. మర్నాడు గోడ దగ్గరికి వెళ్ళి పేరు చూడాల్సిన అవసరం కూడా లేదంది.

నేను ఒమేర్‌ని వదిలి వెళ్ళలేదు. ఎక్కడికి వెళ్తాను? ఆవిడ వెళ్ళిన సాయంత్రం కుర్చీ ముందుకు లాక్కుని, మోచేతులు ఆనించి, ఏమీ జరగనట్టే, "వెళ్ళేటప్పుడు ఇంకేమైనా అందా?" అన్నాడు. నేను రొట్టె అందించాను. మర్నాడు మేడ మీద ఇంకో జంట దిగింది, వాళ్ళ గురించి అడిగాడు. గుడ్లు తిన్నారని చెప్పాను. కొన్నాళ్ళు అడిగాడు, తరవాత మానేశాడు. ఒంట్లో ఎలా ఉందనో, ఇవాళ ఎక్కడికెళ్ళావనో, ఏం ఆలోచిస్తున్నావనో అడుగుతాడేమోనని చలికాలమంతా చూశాను. అతనికి నన్ను అడగడానికి ఇంకేమీ లేదు.